ఆరున్నర అడుగుల వసారా

ఉదయగిరి,
జూన్ 4.

ఆత్మకూరులో ఇళ్ల ప్లాన్లు గీసే సుధీర్ బాబుకు, రిటైరైన లారీ డ్రైవర్ ఖాదర్ బాషా సలాములు.

మేం మేడ మీద ఉంటాం. కింది వాటా చెక్క గరిటెలు చేసేవాళ్లకు అద్దెకిచ్చాం. ఇంటి పక్కన పద్దెనిమిది అడుగుల వెడల్పు జాగా ఖాళీగా ఉంది. అందులో ఒక గది, దాని తలుపు ముందు వసారా గీసి పర్మిషన్ తెప్పించాలి. గుమ్మం నాలుగడుగులు. వసారా వెడల్పు ఆరున్నర. అంగుళం తగ్గినా ఒప్పుకోను.

ఫోన్ చేయొద్దు. వెనక ఫోన్‌లో చెప్పినందుకే మేస్త్రీ చెంచయ్య మా మెట్లు ఇరుకు చేసి, మధ్యలో మలుపు తిప్పి కట్టాడు. ఏదైనా కాగితం మీదే. నాకు తెలుగు రాయడం, చదవడం రాదు గనుక మా ఇంటావిడ హజరాబీ చేత రాయిస్తున్నాను. ఆమె మోకాళ్ల నొప్పుల కోసమే ఈ గది.

ఉర్దూలో సంతకం పెట్టినవాడు,
ఖాదర్ బాషా

తా.క.: నాయనా, ఇది హజరాబీని. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. వసారా అయిదుంపావు అని ఆయన చెప్పాడు, ఆరున్నర అని నేను రాశాను. అంగుళం తగ్గినా ఒప్పుకోనన్నది మాత్రం ఆయన మాటే.

ఆత్మకూరు,
జూన్ 11.

పెద్దలు బాషా గారికి సుధీర్ నమస్కారాలు.

కాగితాలు చూశాను. పక్కింటి గోడవైపు మూడడుగులు, రోడ్డువైపు అయిదడుగులు వదలాలి. ఈ రూలు నేను పెట్టింది కాదు, నన్ను తిట్టుకోవద్దు. పద్దెనిమిదిలో మూడు పోతే పదిహేను. వసారా ఆరున్నర తింటే గదికి ఎనిమిదిన్నర. గోడల మందం పోగా, మంచం వేస్తే మనిషి పక్కకు తిరిగి నడవాలి. అంత వసారా ఎందుకండీ? గుమ్మం చూస్తే షాపులా ఉంది. షాపైతే రూల్సు వేరు, ఫీజు వేరు.

మీ జవాబు కోసం చూస్తూ,
సుధీర్

తా.క.: అమ్మా, ఈ ముక్క ఆయనకు చదవకండి. ఇద్దరిలో ఎవరి కొలత గీయాలి?

ఉదయగిరి,
జూన్ 17.

సుధీర్‌కు ఖాదర్ బాషా రాయించేది.

షాపా? నువ్వు ప్లాన్లు గీసేవాడివా, గిరాకీ వెతికేవాడివా? గది చిన్నదైతే కానీయ్, అందులో ఎవరూ చిందులు వేయబోవడం లేదు. వసారా ముట్టుకున్నావంటే ఊరుకోను. తలుపు దాటి రోడ్డువైపు తిరిగే మలుపులో స్తంభం గింభం పెట్టొద్దు.

కోపంగా,
ఖాదర్ బాషా

తా.క.: ఇందులో రెండు తిట్లు నేను రాయలేదు. నీ తల్లిదండ్రులు నాకేం చేశారు పాపం! ఆరున్నరే గీయి. ఆయన మళ్లీ అయిదుంపావు అన్నాడు. ఆ పావు ఎక్కడిదని అడిగితే "రాయమంటే రాయి, ఏందీ నీ ఎంక్వయిరీ" అన్నాడు.

ఆత్మకూరు,
జూన్ 25.

బాషా గారికి నమస్కారం.

షాపు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కారు కొంటున్నారా? కారుకైతే ఈ వసారా చాలదు. గేదెకైతే మరీ ఎక్కువ. ఇంకో సంగతి, గది నేల వైశాల్యంలో పదో వంతు సైజు కిటికీ ఉండాలి. మీరు కిటికీ ఊసే ఎత్తలేదు. దరఖాస్తులో "ఉపయోగం" అని ఒక గడి ఉంది. అది నింపకపోతే ఫైలు కదలదు.

విసుక్కోవద్దని వేడుకుంటూ,
సుధీర్

తా.క.: అమ్మా, మోకాళ్లని రాద్దామంటే అవి బాగున్నాయని మీరే అన్నారు. నాకైనా నిజం చెప్పండి.

ఉదయగిరి,
జూలై 2.

సుధీర్‌కు,

ఉపయోగమేంది, మనుషులు వాడుకునేది. సామాన్ల గది అని రాసుకో. కిటికీ నీ ఇష్టం. వానలు పడేలోగా కావాలి.

ఖాదర్ బాషా

తా.క.: ఆయన టీ తాగడానికి వెళ్లాడు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. పోయినేడు ఆయన అన్న హిదాయతుల్లా ఈ మేడ మీదే చనిపోయాడు. శవాన్ని మోసే జనాజా మంచం మా మెట్ల మలుపులో తిరగలేదు. మనిషిని దుప్పట్లో చుట్టి, తాళ్లు కట్టి, పిట్టగోడ మీంచి దించారు. వీధంతా చూసింది. ఆయన కింద నిలబడి "మెల్లిగా, మా అన్నకు దెబ్బ తగులుతాది" అని ఏడ్చాడు. మార్చిలో నెల్లూరు డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఆయన గుండె ఎక్కువ రోజులు పనిచేయదన్నాడు. నేను ఆయనకు చెప్పలేదు, చెప్పలేను కూడా. ఆయన ఆరడుగుల మనిషి నాయనా. అయిదుంపావులో ఎలా తిరుగుతాడు? పడకగది అని రాయి. అబద్ధమేమీ కాదు.

ఆత్మకూరు,
జూలై 24.

బాషా గారికి నమస్కారం.

పర్మిషన్ వచ్చింది. ఉపయోగం, పడకగది. గుమ్మం నాలుగడుగులు. మలుపులో స్తంభం లేదు. కట్టడం పూర్తయ్యాక రాయండి, వచ్చి కొలతలు సరిచూస్తాను.

మీ సుధీర్

తా.క.: అమ్మా, మీ ఉత్తరం చదివి మూడు రోజులు స్కేలు పట్టుకోలేకపోయాను. వసారా మీరన్నంతే గీశాను. కిటికీ మాత్రం రూలు కన్నా పెద్దది పెట్టాను. ఆ గాలి మీరిద్దరూ చాలా ఏళ్లు పీల్చుకోవాలి.

ఉదయగిరి,
నవంబర్ 9.

సుధీర్ నాయనకు హజరాబీ దీవెనలు.

ఇది ఎవరూ చెప్పి రాయించిన ఉత్తరం కాదు. పోయిన శుక్రవారం పొద్దున, కొత్త గదిలో, కిటికీ పక్కన ఆయన కన్నుమూశాడు. ఆ గదిలో ఉన్నది పదకొండు రోజులు.

పునాదికి ముగ్గు పోసిన రోజే టేపు పట్టి చూసుకుని, ఆరున్నర అని తెలుసుకున్నాడు. నా వంక చూసి "పోనీలే, ఎక్కువుంటే ఏం పోతాది" అన్నాడు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు అర్థం కాలేదు.

మసీదు నుంచి తెచ్చిన జనాజా ఏడడుగులుంది. పొడుగువాళ్లకైనా పొట్టివాళ్లకైనా అదేనట. ఊళ్లో ఎందరినో మోసిన మనిషికి ఆ సంగతి తట్టలేదు, నాకూ తట్టలేదు. మలుపులో గోడ గీరుకుంది, కానీ తిరిగింది. తాళ్ల పని పడలేదు. నలుగురూ భుజాల మీదే తీసుకుపోయారు.

స్నానం చేయించేటప్పుడు ఆయన చొక్కా నా చేతికిచ్చారు. జేబులో ఒక నూలుదారం, రెండు కొసలా ముడులు. కొలిస్తే అయిదుంపావు. గుమ్మానికి పెట్టి చూశాను, మంచానికి పెట్టి చూశాను, దేనికీ సరిపోలేదు. చివరికి నా తల మీంచి వదిలాను. మడమ దగ్గర ఆగింది.

నేను నిద్రపోతుంటే కొలిచి ఉంటాడు. మార్చిలో నాకూ రక్తపరీక్షలు చేశారు. ఆ కాగితాలు ఆయన చేతికే ఇచ్చి, సంగతి ఆయనకే చెప్పారు. "ఏం లేదంట, రక్తం తక్కువుండాదంట" అని రోజూ దానిమ్మకాయ వలిచి పెట్టేవాడు. నేను నమ్మి తిన్నాను. ఏడుపొస్తోంది నాయనా, అంతకన్నా ఎక్కువ కోపమొస్తోంది. నాతో చెప్పనందుకు ఆయన మీద, ఆయనతో చెప్పనందుకు నా మీద.

నీ మేలు మరువని,
హజరాబీ

తా.క.: కొలతలకు వచ్చినప్పుడు వసారా ఇంకో అరడుగు పెంచే వీలుందేమో చూడు. పక్కింటివైపు వదిలిన మూడడుగులు ముట్టుకోవద్దు, రూలు కదా. గదిలోంచే తియ్యి, ఒక్కదానికి అంత గది ఎందుకు? రెండోసారి కూడా గోడ గీరుకుంటే బాగుండదు. తొందరేమీ లేదు.