పాత భవనం ముందు కూర్చున్నాం

యానాం, 1956. శుక్రవారం రాత్రి.

మద్రాసు నుంచి సాయంత్రమే ఇల్లు చేరాను. తల్లి పోయాక చెల్లెలు రూతును పెంచింది నేనే. వియత్నాంలోని సైగానుకు కొత్తగా వేసిన విమానంలో నిన్న భర్తతో వెళ్ళిపోయింది. సాగనంపుదామని నేనూ తమ్ముడూ మద్రాసు విమానాశ్రయంలో పాత భవనం ముందు పొద్దుటి నుంచి కూర్చున్నాం. చివరికి ఒక తెలుగు కూలీ చెప్పాడు: "పై దేశాలకెళ్ళేవి ఇక్కడ ఆగవమ్మా. ఈ వారం నుంచి ఆ కొత్త భవనం దగ్గరే."

పరుగెత్తాం. కంచె దగ్గరికి వెళ్ళేసరికి విమానం కదిలిపోయింది. రూతు కూర్చున్న కిటికీ ఏదో తెలియక అన్నిటికీ చెయ్యి ఊపాను.

"సూసే ఉంటదిలే, అక్కా," అన్నాడు తమ్ముడు.

చూడలేదు. ఈ పెళ్ళి నాకిష్టం లేదని దానికి తెలుసు. ఆ కోపంతోనే అక్క రాలేదనుకుని ఏడుస్తూ ఎక్కి ఉంటుంది, పిచ్చి తల్లి.