నల్లబంతికి తగిలిన చొక్కా చెయ్యి

తమ్ముడు సూరికి,

నువ్వు కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. ఒరిస్సా కొత్త రాష్ట్రమయ్యాక బరంపురం క్లబ్బువారు పెట్టిన మొదటి స్నూకర్ పోటీకి ఈ సాయంత్రం వెళ్లాను. ఆడవాళ్లకు వరండాలో కుర్చీలు వేశారు. నా కుర్చీ నేనే మోసుకెళ్లి బల్ల పక్కన వేసుకున్నాను.

ఆఖరి ఆట నీ శిష్యుడు, మన గోసాని నువాగాంలో ఉండే పోలయ్యది. గెలిస్తే నీలాగే కలకత్తాలో జీతానికి ఆడే ఉద్యోగం. బల్లమీద నల్లబంతి ఒక్కటే మిగిలింది. దాన్ని గుంటలో పడేస్తే గెలుపే. గురి చూస్తూ వంగినవాడు ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"నా సొక్కా సెయ్యి బంతికి తగిలిందండి. తప్పు నాదే."

ఆఖరి బంతికి బట్ట తగిలినా ఆట అవతలివాడిదే. ఆ ఒక్క మాటతో ఓడిపోయాడు. తీర్పు చెప్పే పెద్దమనిషి కూడా అది గమనించలేదు. వెనకనుంచి ఎవరో, "ఎవుడు సూసినాడ్రా, యెర్రోడా!" అని అరిచారు.

"నాను సూసినాను కదేటి!" అన్నాడు పోలయ్య.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. నువ్వు కప్పులు గెలుచుకొచ్చిన రోజుల్లో కూడా నాకు ఇంత గర్వం కలగలేదు, సూరీ.

మెట్ల దగ్గర వాడు తల దించుకుని, "అమ్మగారూ, గురువుగారి పేరు పోగొట్టీసినాను," అన్నాడు. వాణ్ణి ఇంటికి తీసుకొచ్చి నీ ఆటకర్ర వాడి చేతికిచ్చాను. అద్దాల బీరువాలో పెడతామని క్లబ్బు కార్యదర్శి రెండుసార్లు అడిగిన కర్ర అది. ఆయనకు కోపం వస్తుంది. రానీ.

నీ అక్క