రుగయా గారి ఇల్లు మ్యూజియం కాదు

శ్రీమతి రుగయా గారికి,

కుచింగ్ నగర సందర్శకుల కార్యాలయం అధికారి బోంగ్ రాయునది. ఊరు చూడటానికి వచ్చిన పధ్నాలుగు మంది జర్మన్లు మా పుస్తకంలో, “నది ఒడ్డు బాగుంది, పిల్లి విగ్రహం బాగుంది, రుగయా మ్యూజియం అన్నిటికన్నా బాగుంది” అని రాశారు. మీ మ్యూజియం మా జాబితాలో లేదు. వారంలోగా లైసెన్సు చూపకపోతే తలుపులు మూయిస్తాం.

ఇట్లు,
బోంగ్

తా.క.: ప్రదర్శనకు పెట్టినవన్నీ తినేశామని కూడా రాశారు. ఇది మరీ తీవ్రమైన విషయం.

*

బోంగ్ బాబుకి రుగయా పెద్దమ్మ దీవెనలు.

మ్యూజియమేమిటయ్యా, అది నా ఇల్లు! రంజాన్ పండుగ మొదలు నెలంతా తలుపులు బార్లా తీసి, వచ్చినవాళ్లకి పెడతాం. మీ చైనా కొత్త ఏడాదికి మేం మీ ఇళ్లకి రావడం లేదూ? ఇబాన్ల కోతల పండుగకి అందరం వాళ్లిళ్లకి పోవడం లేదూ? ఆ జర్మనీ వాళ్లు మా అల్లుడి ఆఫీసు వాళ్లనుకున్నాను. గోడ మీది ఫొటోలో ఎవరని అడిగితే మా ఆయన గురించి గంటసేపు చెప్పాను. ఆయన పోయాక కూడా పండుగ పూట ఆ తలుపు మూయలేదు. ఇప్పుడు మూస్తే ఆయన పరువేం కాను?

మీ పెద్దమ్మ,
రుగయా

తా.క.: ఒకడు టికెట్టెంత అన్నాడు. తిట్టి, ఇంకో కేకు ముక్క పెట్టాను.

*

శ్రీమతి రుగయా గారికి,

మీ ఉత్తరాన్ని నేరాంగీకారంగా ఫైలులో చేర్చాం. పధ్నాలుగు మందికి భోజనం: అనుమతి లేని హోటలు. గంటసేపు వివరణ: అనుమతి లేని గైడు. ఆదివారం తనిఖీకి మనిషి వస్తాడు. ఎవరో చెప్పం.

ఇట్లు,
బోంగ్

తా.క.: అతనికి ఏమీ పెట్టకండి. లంచం కిందికి వస్తుంది.

*

బోంగ్ బాబుకి,

మీ మనిషెవరో తెలియక, వచ్చిన డెబ్బై మందికీ లంచం పెట్టేశాను.

నల్ల కళ్లద్దాలాయన ఒకడు మూల కూచుని మూడు పళ్లేలు తిన్నాడు. ఎవరో మా ఆయన ఫొటో చూపించి ఈయనెవరని అడిగితే లేచి నిలబడ్డాడు. “పడవ నడిపే ఓథ్‌మాన్ గారు. ఆరేళ్లు నన్ను నది దాటించి బడికి పంపారు. వానొస్తే తన గొడుగు నాకిచ్చి తను తడిసేవారు” అన్నాడు. ఆ సంగతి నాకే తెలియదు బాబూ. తడిసి ఇంటికొచ్చారని ఎన్నిసార్లు తిట్టానో! ఏడుపొచ్చింది, గర్వంగానూ ఉంది.

పెద్దమ్మ

తా.క.: ఆ కళ్లద్దాలాయన మరిచిపోయిన ఫైలు ఇందుతో పంపుతున్నాను. పైన నీ పేరుంది. కూర మరకైంది, ఏమీ అనుకోకు.

*

పెద్దమ్మకి బోంగ్ నమస్కారాలు.

నల్ల కళ్లద్దాలు తీసేసి నేనే రాసిన తనిఖీ నివేదిక: అక్కడ మ్యూజియం లేదు, ఓథ్‌మాన్ గారిల్లు ఉంది. ఆ తలుపు మూయమనే అధికారం ఈ ఊళ్లో ఎవరికీ లేదు. బుధవారం మధ్యాహ్నం మా ఆఫీసుకే తాళం వేసి, ముప్పై ఇద్దరం వస్తున్నాం.

మీ బోంగ్

తా.క.: డైరెక్టరు గారు నివేదిక చదవలేదు. మరక వాసన చూసి సంతకం పెట్టారు.