నడుముకు ఫోటో తీయని డాక్టరమ్మ

ఆళ్లగడ్డ,
ఆదివారం.

అన్నకు, వదినకు తమ్ముడు శివ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను ఒకరి సాయం లేకుండా లేస్తున్నాను, కూర్చుంటున్నాను, రెండు పూటలా తింటున్నాను. అక్కడ మీరూ అలాగే కుదురుగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? పాప బడికి ఏడవకుండా పోతోందా? బర్రె ఈనిందా?

ఆ రోజు ఫోనులో నువ్వు, "నడుము నొప్పి నిజమేనా, లేకుంటే శనగ విత్తనం వేసేదానికి రాకుండా ఎగ్గొడతాండావా?" అన్నావు. నేను నోరు తెరిచేలోగా పెట్టేశావు. ఆ తరువాత నువ్వూ చేయలేదు, నేనూ చేయలేదు. అందుకే రాస్తున్నాను. కాగితమైతే మధ్యలో పెట్టేయడానికి ఉండదు.

మా శిల్పాల షెడ్డులో నా పని నీకు తెలుసు. తయారైన విగ్రహాలకు వరిగడ్డి చుట్టి, చెక్కల మధ్య బిగించి లారీకెక్కించడం. ఆ రోజు చేతిలో ఉన్నది చిన్న నంది. వంగి పక్కకు తిప్పానో లేదో నడుములో కలుక్కుమంది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నాతోపాటు గదిలో ఉండే ఓబులేసు చంకల కింద చేతులేసి గడ్డిమోపు మీద కూర్చోబెట్టాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఓనరు వచ్చి, "ఏందప్పా, నందిని చూసి దడుచుకున్యావా?" అని నవ్వి, తన కారులోనే డాక్టరు దగ్గరికి పంపించాడు. నా అనుమానం అక్కడే మొదలైంది. వేలు తెగితే పసుపు పెట్టుకోమనే మనిషికి ఇంత ప్రేమ ఎక్కడినుంచి వచ్చింది? పైగా పంపించింది ఆయన ఇంట్లోవాళ్లు చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి. నేను కారెక్కుతుంటే ఆయన ఆమెకే ఫోను చేస్తున్నాడు.

చిన్న వయసామె. పడుకోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఒంటేలు సాఫీగా వస్తాందా? తొడల మధ్య తిమ్మిరి ఉందా? జ్వరమేమన్నా? ఈమధ్య బరువు తగ్గినావా? యాడన్నా పడినావా?" నొప్పి నడుములో అయితే నా మూత్రం సంగతి ఈమెకెందుకు? పెద్ద రోగమేదో కనబడితే దాస్తోందేమో అనుకున్నాను. కాళ్లు ఒకటొకటిగా పైకెత్తి చూసింది. చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టింది. మడమల మీద ఒకసారి, వేళ్ల మీద ఒకసారి నడిపించింది.

"కండరాలు పట్టేసినాయి. నరానికి దెబ్బ తగిలినట్టు లేదు," అంది.

"నడుముకు ఎక్స్‌రే ఫోటో తీయరా మేడం?"

"ఇప్పుడు అవసరం లేదు."

"సూదన్నా వేయండి."

"సూదీ వద్దు. అన్నం తిన్నాక ఈ మాత్రలు కొన్ని రోజులు వేసుకో. వేన్నీళ్ల కాపడం పెట్టుకో. మంచం మీద పడి ఉండొద్దు. ఓర్చుకోగలిగినంత నడువు, మామూలు పనులు చేసుకో. బరువులు మాత్రం ఎత్తొద్దు. చానామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతాది. ఒంటేలు ఆగినా, కాలు బలం తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా మటుకు ఒక్క పూట కూడా ఆగకుండా రావాల."

అన్నా, నువ్వైతే ఏమనుకుంటావు? ఫోటో లేదు, సూది లేదు, పడుకోవడమూ లేదు. పని చేసుకొమ్మంటోంది. మా ఓనరుకు కావలసింది సరిగ్గా అదే కదా!

ఓబులేసు కూడా అదే అన్నాడు. "వాళ్లిద్దరూ ఒకటే శివన్నా. లోపల ఏముండాదో చూడకుండా ఎట్ల తెలుస్తాది? పా, నంద్యాలకు పోదాం."

కూర్చుంటే నొప్పి ఎక్కువవుతుందని నంద్యాల దాకా బస్సులో నిలబడే పోయాను. అక్కడ ఒక ఆసుపత్రిలో పెద్ద మిషన్లోకి తోసి స్కానింగు తీశారు. అక్కడి డాక్టరు ఆ ఫిల్ము వెలుతురులో పట్టి, నావైపు చూడకుండానే చెప్పాడు. "డిస్కు ఉబ్బింది. నెల రోజులు మంచం దిగొద్దు. తగ్గకపోతే ఆపరేషన్ చేయాల్సొస్తుంది." ఆపరేషన్ అనగానే భయమేసింది. అయినా దాంతోపాటు ఒక సంతోషం కూడా కలిగింది. నా నొప్పికి సాక్ష్యం దొరికింది, ఓనరుకూ చూపించొచ్చు, నీకూ చూపించొచ్చు అనుకున్నాను.

ఇక గదిలో పడుకున్నాను. రేకుల కప్పు, కింద ఉడుకు, షెడ్డునుంచి వచ్చే రాతిదుమ్ము. ఓబులేసు హోటలు అన్నం, నీళ్లలాంటి చారు తెచ్చిపెట్టి పనికి పోయేవాడు. సాయంత్రం దాకా పలకరించే దిక్కు లేదు. తగ్గుతుందని పడుకుంటే పక్కకు తిరగడానికే భయం పట్టుకుంది. గోడ పట్టుకోకుండా దొడ్డికి పోలేకపోయాను. కాలివేళ్లు గిల్లి చూసుకునేవాణ్ణి, తిమ్మిరెక్కాయేమోనని. ఓబులేసు నన్ను ఆ ఆసుపత్రికే ఎందుకు తీసుకుపోయాడు, వాడికి అక్కడ ఏమన్నా ముడుతుందా అని కూడా అనుమానం వచ్చింది. నాకు అన్నం తెచ్చిపెట్టేవాడి మీద!

సరిగ్గా అప్పుడే నీ ఫోను వచ్చింది. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. మరునాడు స్కానింగు చంకలో పెట్టుకుని, ఓబులేసు భుజం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికే పోయాను. బల్ల మీద పడేసి అడిగాను.

"దీనికేమంటారు మేడం? మా ఓనరు మీకేం చెప్పినాడు?"

ఆమె మొహం ఎర్రబడింది. "రెండు రోజుల్లో పనికి పంపమన్నాడు. నొప్పి ఎంతుందో చూడాల్సింది నేను, మీరు కాదు అని ఆయనకు చెప్పి ఫోను పెట్టేసినా. పడుకోవద్దన్నది ఆయన కోసం కాదప్పా, నీ కోసం. పడుకుని ఏం బాగుపడినావు చెప్పు?"

నా అనుమానం సగం నిజమేనన్న మాట! ఓనరు అడిగాడు. ఈమె వినలేదు.

స్కానింగు చూసి, నా కాళ్లు మళ్లీ ఎత్తించి, నడిపించి చెప్పింది. "ఇట్లాంటి ఉబ్బు నొప్పి లేనోళ్లకు కూడా కనబడతాది. నీ కాళ్లల్లో బలముంది, స్పర్శ ఉంది. ఆపరేషన్ ఎందుకు? ఆడ నీ కాలు ఎవరన్నా ఎత్తి చూసినారా?"

ఎవరూ నన్ను ముట్టుకోలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. "నోటిమాట మా ఓనరు దగ్గర చెల్లదు మేడం, రాసియ్యండి," అన్నాను. బరువులెత్తే పని పెట్టవద్దు, నిలబడి, తిరుగుతూ చేసే పని ఇవ్వండి అని రాసి సంతకం పెట్టింది.

ఓనరు దాన్ని రెండుసార్లు చదివి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమప్పా, ఈయమ్మ మీ ఊరు సంజామల తట్టు మనిషా? ఎట్ల రాపిచ్చుకున్యావు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే నడుము పట్టుకుంది. ఆమె ఓనరు మనిషని నేననుకుంటే, నా మనిషని ఆయన అనుకుంటున్నాడు! డాక్టరమ్మ మీద నా అనుమానం ఆ క్షణంలో సడలింది. ఓనరు గొణుక్కుంటూనే నాకు కొలతలు చూసే పని, విగ్రహాలు కొనే గిరాకీలతో ఫోనులో మాట్లాడే పని ఇచ్చాడు.

పొద్దున్నే అహోబిలం దారిన నడవడం మొదలుపెట్టాను. మొదట్లో టీ అంగడి దాకానే. ఒక్కోరోజు నొప్పి తిరగబెట్టేది, మళ్లీ డాక్టరమ్మను అనుమానించేవాణ్ణి. తరువాతి రోజు ఇంకొంచెం దూరం పోగలిగేవాణ్ణి. మొన్న గడప దగ్గర వంగి చెప్పులు తీసుకుని వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది, వంగానని. అక్కడే నిలబడి ఓబులేసును కేకేశాను. వాడు పళ్లు తోముకుంటూ పరుగెత్తుకొచ్చి, "మళ్లీ పట్టుకున్యాదా శివన్నా?" అన్నాడు. చెబితే వాడు నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

శుక్రవారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. శనగ విత్తనం అయ్యేదాకా ఉంటాను. మూటలు మాత్రం ఎత్తను, అది ముందే చెబుతున్నాను. చేనంతా తిరుగుతాను, నువ్వు చెప్పిన మిగతా పనులన్నీ చేస్తాను. చూసినవాళ్లు నాటకమంటే అననీ. వదినా, ఆముదం రాసి మంచమెక్కించే పని పెట్టుకోవద్దు. వేడి వేడి జొన్నరొట్టె, ఎర్రకారం చాలు. తిరిగొచ్చేటప్పుడు ఓబులేసుకు ఇన్ని శనగలు కట్టివ్వు.

అన్నా, నువ్వు బస్టాండుకు రావాలి. ఫోనులో అడిగిందే నా మొహం చూసి అడుగు, నాకు బాధ లేదు. జవాబు వినేదాకా మాత్రం నిలబడు.

పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు. పాపకు ముద్దులు. మీ దీవెన నా మీద ఎప్పటిలాగే ఉంచండి.

మీ తమ్ముడు,
శివ