అనాథ కాదంట బావా

జాబ్రియా, కువైట్

పెంచల్ బావకు, నేను బాగున్నాను, భయపడొద్దు.

మొన్న ఫోన్లో నీకు వినపడిన అరుపులు నన్ను తిట్టినవి కావు, పాటలు. నేను పనిచేసే ఇంటి యజమాని, బాబాకు జపాన్ పాత రికార్డులంటే పిచ్చి. అరవై ఏళ్ల కిందట అక్కడి కుర్రాళ్లు కార్ల షెడ్లలో గిటార్లు వాయిస్తూ గొంతు చించుకున్నారంట. ఆ గరగరే ఆయనకు ముద్దు. రికార్డు అట్టకు చుట్టిన కాగితం పట్టీని కూడా చిరగనివ్వడు.

ఒక పాటలో పిల్లోడు "అనాథా, అనాథా" అని ఒకటే ఏడుపు. నాకు మన పాప గుర్తొచ్చి నేనూ ఏడ్చాను. నా గొంతు బొంగురుపోయింది అందుకే. సంగతి చెబితే బాబా పడీపడీ నవ్వాడు.

"అనాథ కాదు, అనాతా! నువ్వు అని. జపాన్‌లో పెళ్లాం మొగుణ్ణి పిలిచేదీ అట్లనే. ఖలాస్, ఏడవొద్దు."

ఫోన్లో అయితే స్పీకరు పెడతావు, అత్త వింటుందని సిగ్గుపడి కార్డు రాస్తున్నాను.

బర్రె ఈనిందా? అత్త మోకాలికి నూనె రాస్తున్నావా? ఎవరైనా ఇటు వస్తుంటే ఉలవపిండి పంపు. అత్తకు దండాలు, పాపకు ముద్దులు.

కార్డు అందినాక వచ్చే శుక్రవారం ఫోన్ చేసి "అనాతా" అంటాను. స్పీకరు పెట్టుకున్నా సరే, అత్తకు అర్థం కాదు. నువ్వు మాత్రం పలుకు.

నీ మునిలక్ష్మి