పోలిక రక్తం

ప్రియమైన అక్కయ్యకి,

ఫోనులో నీకు నా మాట సగమే వినబడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే రాస్తున్నాను.

ఇన్నేళ్ళ మా పని ఒక కొలిక్కి వచ్చింది. మతిమరుపు జబ్బు బయటపడటానికి చాలా ముందే రక్తంలో ఒక ప్రోటీన్ తలెత్తుతుందని తేల్చాం. అందరిలో ఉండేదే, కానీ ఒకచోట తప్పుగా మడతపడి ఉంటుంది. యంత్రంలో పెడితే తెరమీద సన్నటి గీత లేస్తుంది. ఆ గీత లేచినవాళ్ళు పోనుపోను ఇంట్లో మనుషుల్నే పోల్చుకోలేకపోయారు.

నాన్న గుర్తొస్తున్నారు. చివర్లో గోడవైపు తిరిగి ఎవరెవరితోనో మాట్లాడేవారు కదా. ఇప్పుడు అలాంటి కుటుంబాల వాళ్ళని పరీక్షిస్తున్నాం. నీ రక్తం కావాలి. మీ వీధి చివర ల్యాబులో ఇస్తే ఐసుపెట్టెలో నాకు పంపుతారు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే.

నీ తమ్ముడు

*

ప్రియమైన పిచ్చుకకి,

రక్తం ఇచ్చాను. చీమ అన్నావు, అది తేలు. ఆ పిల్లకి నరం దొరక్క నా రెండు చేతులూ గాలించింది.

అయినా నీ ఉత్తరం వచ్చిన మర్నాడే నువ్వే దిగావు కదా, దీని ఊసే ఎత్తలేదేం? నేను పుస్తకాల అట్టలకి జిగురు రాస్తుంటే గుమ్మం పక్కన కూర్చుని నా చేతులవంకే చూశావు. కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని చల్లార్చావు తప్ప తాగలేదు. బైండు చేసిన కట్ట లోపల పెట్టి వచ్చేసరికి లేవు. చెప్పాపెట్టకుండా పోవడమేమిటి? పనిలో పడి తిండి మానేశావనుకుంటాను, చొక్కా వదులైపోయింది.

అక్కయ్య

*

ప్రియమైన అక్కయ్యకి,

నేను రాలేదక్కయ్యా. వానలు మొదలైనప్పటినుంచీ ఈ ఊరు దాటలేదు.

కంగారుపడకుండా ఆలోచించు. పని చేస్తూ కునుకు తీశావేమో, కల వచ్చిందేమో. నాన్నకీ మొదట్లో తెలిసినవాళ్ళే కనబడేవారు. నిన్ను భయపెట్టాలని కాదు, దాచలేక రాస్తున్నాను. తలుపు గడియ పెట్టుకో. ఎదురింటావిడని కాస్త తోడుండమను. నీ రక్తం అందింది. వరస రాగానే నేనే స్వయంగా చూస్తాను.

నీ తమ్ముడు

*

ప్రియమైన పిచ్చుకకి,

ఎదురింటావిడ కూతురి దగ్గరికి వెళ్ళింది. గడియ పెట్టుకునే ఉన్నాను. నిన్న మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. నువ్వే.

"మా అక్కయ్య ఈ ఇంట్లోనే ఉండాలండీ. ఎప్పుడొస్తుంది?" అని అడిగావు.

"నేనేరా" అన్నాను.

మొహమాటంగా నవ్వి, "పర్వాలేదండీ, కూర్చుంటాను" అన్నావు.

ముఖం నీదే, గొంతు నీదే. ఆ చూపు మాత్రం దారి అడిగేవాడి చూపు. కాసేపు కూర్చుని, పెరట్లో పంపు దగ్గర, ల్యాబులో పని ముగించినవాడిలా మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కుని వెళ్ళిపోయావు. నువ్వు కూర్చున్న కుర్చీ తడిమి చూశాను. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమూ నా భ్రమేనేమో.

ఒరేయ్, నాకు నేనంటేనే భయమేస్తోంది. నా రక్తం ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు రాయి.

అక్కయ్య

*

ప్రియమైన అక్కయ్యకి,

నీ రక్తంలో ఏమీ లేదు. గీత లేవలేదు. నీ బుర్ర బంగారంలా ఉంది.

ఇక రెండో సంగతి. పరీక్ష చేసిన ప్రతిసారీ జబ్బులేని మనిషి రక్తం ఒకటి పక్కన పెట్టి పోల్చుకుంటాం. దాన్ని పోలిక రక్తం అంటాం. మొదటినుంచీ అది నాదే. ఇంతకాలం తెరమీద చదునుగా ఉండేది. ఈసారి గీత లేచింది అందులోనే.

నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి, "గొట్టాలు తారుమారయ్యాయేమో సార్" అంది. నా చేతినుంచి కొత్తగా రక్తం తీసి మళ్ళీ చేసింది. మళ్ళీ లేచింది.

అప్పుడు నాకు నీ ఉత్తరాలు గుర్తొచ్చి, "నేనీమధ్య ఎక్కడికైనా వెళ్ళానా?" అని అడిగాను.

ఆమె తెల్లబోయింది. "అక్కగారి దగ్గరికి వెళ్ళొచ్చారు కదండీ. రెండుసార్లూ నేనే బస్సెక్కించాను."

ఆ బస్సు నాకు గుర్తులేదు అక్కయ్యా. టికెట్ కొన్నట్టుగానీ, నీ వీధిలో నడిచినట్టుగానీ జ్ఞాపకం లేదు. నా ఒంటిని వేసుకుని ఎవరో తిరుగుతున్నట్టుంది. అతన్ని నువ్వు చూశావు, నేను చూడలేదు. మళ్ళీ వస్తే వెళ్ళగొట్టకు.

నీ తమ్ముడు

*

ప్రియమైన పిచ్చుకకి,

పోస్టుమాను నీ ఉత్తరం ఇచ్చేసరికి నువ్వు నా ఎదురుగా కూర్చుని ఉన్నావు. నీ చేతిరాత ఉన్న కవరు నీ ముందే చింపాను. చదువుతుంటే నా ముఖం ఎలా మారిందో ఏమో, "ఎవరు రాశారండీ?" అన్నావు.

"మా తమ్ముడు."

"కులాసాయేనా?"

"ఒంట్లో బాగాలేదట" అన్నాను.

"అయితే మీ దగ్గరికి తెచ్చేసుకోండి. ఒంటరిగా వదలకండి. పాపం, భయపడతాడు" అన్నావు.

అలాగేనన్నాను.

నీ దగ్గర పరిశోధన చేసే ఆ అమ్మాయికి ఫోను చేయించాను. నీ బట్టలు తీసుకుని రేపు వస్తానంది. నిన్ను చూసే డాక్టర్ని తనే మాట్లాడుతుందట. సగంలో ఉన్న పరీక్షలు తను పూర్తి చేస్తుందట. ల్యాబులో నీ గదికి తాళం వేయించవద్దని చెప్పాను, తెలివిగా ఉన్న రోజుల్లో నువ్వే వెళ్ళి కూర్చుందువుగాని. నేను తోడొస్తాను.

ఈ ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. నువ్వు పక్కగదిలో నిద్రపోతున్నావు, దీన్ని నీ దిండు దగ్గర పెడుతున్నాను. సాయంత్రం ఆ మంచం మీంచి ఎవరు లేస్తారో నాకు తెలియదు. నువ్వయితే ఇది చదువుకుని ఇవతలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం. అతనైతే కొత్తగా పరిచయం చేసుకుంటాను. ఏమని పిలవాలండీ అని అడిగితే, అక్కయ్యా అని పిలవమంటాను.

అక్కయ్య