నారింజ వాసన

చిరంజీవి పిచికకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. ఈ ముక్క ఈసారి ఆలోచించి, నిజమేనని తేల్చుకుని మరీ రాస్తున్నాను. పోయిన రెండు ఉత్తరాల్లో మాత్రం చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది. ఆ దీవిలోని వాతావరణ కేంద్రంలో నువ్వూ, నీ గాలిమరా, వాన కొలిచే నీ డబ్బాలూ క్షేమమని తలుస్తాను. సరుకుల పడవ ఆలస్యమైనా నీ ఉత్తరం తడవకుండానే అందింది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. లేకపోతే "అమ్మ దాటేసింది" అని మూతి ముడుస్తావు. పిల్లి పిల్లల్ని పెట్టింది. ఇంట్లో ఇంత చోటుండగా నా ఇస్త్రీ బల్ల కింద బట్టల బుట్టలోనే పెట్టింది. మా లాండ్రీలో కొత్త యంత్రం వచ్చింది. అది ఉతికేది తక్కువ, ఎగిరేది ఎక్కువ. యజమానురాలు దాని మీద బండరాయి పెట్టించింది. ఇప్పుడు రాయి కూడా ఎగురుతోంది. నీ స్వెటరు దాదాపు అయిపోయింది. ఒక చెయ్యి కాస్త పొడుగొచ్చింది. నీ దగ్గర గాలి ఎటునుంచి వీస్తుందో నీకు తెలుసు కాబట్టి ఆ చెయ్యి అటు పెట్టుకో.

ఇక మూడోది. "నాన్న ఎప్పుడూ చివర నాలుగు ముక్కలు రాసేవారు, ఈమధ్య ఎందుకు రాయడం లేదు? నామీద కోపమా?" అన్నావు. కోపం కాదు తల్లీ. ఆయనకు అక్షరాలు కనిపించలేదు. కంగారుపడకు, ఇప్పుడు కనిపిస్తున్నాయి. ఈ కవరులోనే ఆయన వేరే కాగితం పెట్టి, నన్ను చదవనివ్వకుండా అంటించేశారు. నా మీద చాడీలే అయ్యుంటాయి. జరిగింది మాత్రం నేనే చెబుతాను. "పిల్లకు రాయొద్దు, అక్కడ ఒంటరిగా కూర్చుని బెంగపడుతుంది" అన్నారు ఇన్నాళ్ళూ. నిన్ననే ఆ ఆంక్ష ఎత్తేశారు.

నాన్న మందు మానేసిన రోజులు నీకు గుర్తే. నువ్వప్పుడు బడి చివరి తరగతిలో ఉన్నావు. అద్దాలు కోసే మనిషికి చెయ్యి వణికితే ఏముంది, బతుకే వంకర. ఒకరోజు దుకాణం తాళం వేసి ఇంటికొచ్చి "ఇక ముట్టుకోను" అన్నారు. అన్నట్టే ముట్టుకోలేదు. కానీ సాయంత్రమయ్యేసరికి చేతికి ఒక సీసా కావాలి, గొంతులో ఏదో చురుక్కుమనాలి. అలా మనింట్లోకి ఆ నారింజ కూల్‌డ్రింకు వచ్చింది. దానికి మనం చేసిన మర్యాదలు కొత్తల్లుడికి కూడా ఎవరూ చెయ్యరు! మంచం కింద పెట్టె ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీ మామయ్య వచ్చినా, పైవాటాలో ఉండే సంగీతం మాస్టారు వచ్చినా వాళ్ళ చేతిలోనూ సీసాయే. సీసా మీద పండు బొమ్మ చూసి నేనూ మురిసిపోయాను. పండ్లరసం తాగే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

ఆయనకు తోడు నేనూ గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని. నడుం దగ్గర జాకెట్లు బిగుతైతే "లాండ్రీ నీళ్ళకు బట్ట ముడుచుకుపోతోంది" అని మా యంత్రాన్నే తిట్టాను. పాపం పాత యంత్రం, ఆ నిందతోనే పోయింది.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళిన ఏడాది నుంచి నాన్నకు దాహం ఎక్కువైంది. ఎండలు కదా అనుకున్నాం. దాహమేసినప్పుడల్లా అదే తాగడం, తాగిన కాసేపటికి మళ్ళీ దాహం, మధ్యమధ్య బాత్రూముకు పరుగు. ఆ తర్వాత అద్దాలు తేడా రావడం మొదలైంది. కిటికీకి కోసిన గాజు వేలెడు పొట్టిగా వచ్చేది. "ఈ స్కేలు అరిగిపోయింది" అని కొత్త స్కేలు తెచ్చుకున్నారు. అదీ అరిగిపోయిందట, వారంలోనే! "కళ్ళజోడు తుడవండి" అన్నాను. రోజంతా తుడుస్తూనే ఉన్నారు.

అప్పుడు కాలికి గాజుముక్క గుచ్చుకుంది. నాన్నకు తెగడం కొత్తేమీ కాదని నీకు తెలుసు. పసుపురంగు మందేసి గుడ్డ చుడితే రెండోరోజుకి మానిపోయే ఒళ్ళు. ఈసారి మానలేదు. బొటనవేలి పక్కన గాయం అలాగే తడిగా ఉండిపోయింది. నొప్పి లేదంటే మంచిదే అనుకున్నాను. నొప్పి తెలియకపోవడమే చెడ్డదని నాకేం తెలుసు? నల్లబడడం చూసి ఒకరోజు లాండ్రీకి సెలవు పెట్టి, రానని మొరాయించే మనిషిని వీధి చివరి క్లినిక్కు లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నీకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. గాయం చూసింది, రక్తం తీయించింది, కాగితం వచ్చాక మాటలు తగ్గించింది.

"టీలో చక్కెర వేసుకుంటారా అండీ?"

"చక్కెరా! ఒక్క పలుకు కూడా వెయ్యను డాక్టరుగారూ. మానేసి మూడేళ్ళయింది. స్వీట్లు ముట్టను. అరటిపండు కూడా సగమే తింటాను" అన్నారు నాన్న ఛాతీ విరుచుకుని.

"మరి కూల్‌డ్రింకులు?"

"అవా? అవి నీళ్ళ కింద లెక్క కదండీ."

నేను కూడా పక్కనుంచి "అవునండీ, పండువి" అన్నాను. ఇద్దరం కలిసి ఆ పిల్లకు మంచి వినోదమే పంచాం. ఆమె మాత్రం నవ్వలేదు. రోజుకెన్ని సీసాలో అడిగి, ఒక్కొక్క దాంట్లో ఎంత చక్కెర కరిగి ఉంటుందో చెబితే ఆయన నోరు తెరిచారు, నేను మూసుకున్నాను. "మీది చక్కెర జబ్బు. దానికి ఇదొక్కటే కారణమని నేననను. వయసుంది, మీ ఇంట్లో పెద్దవాళ్ళకూ ఉండుంటుంది. కానీ మీరు చేసింది మండే పొయ్యిలోకి కట్టెలు ఎగదోయడమే. కళ్ళు మసకబారడం, ఆ దాహం, ఈ గాయం మానకపోవడం, అన్నీ దానివే. ఇంకొన్నాళ్ళు ఆగి వస్తే వేలు తీసేయాల్సి వచ్చేది. ఇవాళ్టి నుంచి ఒక్క గుక్క కూడా వద్దు" అంది.

నాన్నను కట్టు కట్టడానికి పక్క గదిలోకి పంపారు. పిచికా, ఇప్పుడు రాయబోయేది నీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. చెబుతున్నాను.

ఆయన అటు వెళ్ళగానే నేను డాక్టరమ్మ చేతులు పట్టుకున్నాను. "ఇది మాత్రం మాన్పించకండి తల్లీ. మందులెన్నయినా ఇవ్వండి, వేయిస్తాను. ఇది పోతే అది మళ్ళీ వస్తుంది" అన్నాను.

"ఏది?" అందామె.

చెప్పాను. గోడలు పట్టుకుని ఇంటికొచ్చిన రోజులు, నువ్వు చెవులు మూసుకుని లెక్కలు చేసుకున్న సాయంత్రాలు, అన్నీ కక్కేశాను. "చక్కెర జబ్బైతే మనిషి ఇంట్లో ఉంటాడు. ఆ జబ్బైతే ఇంట్లో ఉన్నా లేనట్టే. నాకు ఇదే నయం" అన్నాను. నోటితోనే అన్నాను, కాలు పోయినా ఫరవాలేదన్నట్టు.

డాక్టరమ్మ "ఆ సంగతి ఆయన్నెప్పుడైనా అడిగారా అమ్మా?" అంది.

తెర పక్కన నాన్న నిలబడి ఉన్నారు. ఒక కాలికి కట్టు, చేతిలో చెప్పు.

ఇంటిదాకా నాకంటే రెండడుగులు ముందే నడిచారు. నన్ను గుమ్మం దగ్గర వదిలి "షాపులో పనుంది" అని వెళ్ళిపోయారు. దీపాలు పెట్టే వేళైంది, రాలేదు. నా గుండె పాత దారిలోనే పరుగెత్తింది. కాళ్ళు కూడా దాని వెంటే వెళ్ళాయి, తిన్నగా మందుషాపు ముందుకు! ఆ కౌంటరు దగ్గర మనిషి నన్ను గుర్తుపట్టాడు. "ఏంటమ్మా, మళ్ళీ ఇటొచ్చారు? ఆయన మొహం చూసి ఏళ్ళయిందే! బాగున్నారా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. "బాగున్నారు" అని గొణిగి అద్దాల షాపుకు పరుగెత్తాను.

అక్కడే ఉన్నారు. కట్టుకట్టిన కాలు పెట్టె మీద చాపుకుని, ముందు ఒక గాజుపలక పెట్టుకుని, కోయకుండా కూర్చున్నారు.

"ఇక్కడికి రాకముందు ఎక్కడికెళ్ళావ్?" అన్నారు.

అబద్ధం రాలేదు నా నోటికి. చెప్పాను.

ఆయన తలూపారు. "రోజూ నేను ఇంటికి రాగానే చెమట తుడిచే వంకతో దగ్గరికొచ్చి నా నోరు వాసన చూస్తావు. నాకు తెలీదనుకున్నావా?"

నేనేదో గొప్ప నటిననుకున్నాను తల్లీ. ఇన్నేళ్ళూ ఆ తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర కాపు కాశాను.

"మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత, ఇది నేను చేసుకున్నదే కదా అనుకున్నా. నారింజ వాసన తగలగానే నీ మొహం విప్పారేది. ఒట్టి నోటితో వచ్చిన రోజున ఇంకాసేపు వెతికేదానివి, యాలక్కాయ నమిలి కప్పిపుచ్చానేమోనని. అందుకే దాహం లేకపోయినా, కడుపులో చోటు లేకపోయినా, సందు మొదట్లో ఒకటి తాగి మరీ వచ్చేవాణ్ణి."

"నాకోసమా?"

"మరి? ఆ తేపులు నాకు సరదా అనుకున్నావా?"

నాకు ఏడుపొచ్చింది. "అయితే ఆ చక్కెరంతా మీ ఒంట్లో పోసింది నేనేనా?"

"తయారుచేసింది కంపెనీవాడు, తాగింది నేను, వాసన చూసింది నువ్వు. అందరం తలా ఒక చెయ్యి వేశాం" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపు మధ్యలోనే. ముక్కు చీదుకుంటూ నవ్వాను. అప్పుడాయన గొంతు తగ్గించి అన్నారు. "ఇది పోతే అది వస్తుందని భయపడకు. అది పోయి చాలా కాలమైంది. అది వెళ్ళిపోయిన సంగతి నీకొక్కదానికే ఇంకా తెలీలేదు."

 షాపు తలుపులు ఇద్దరం కలిసి మూశాం.

ఆ తర్వాతి రోజులు మాత్రం తేలిక కాదు. తలనొప్పి, చిరాకు. ఊరికే తిరుగుతోందని ఫ్యానుతో కూడా దెబ్బలాడారు. దాహమేస్తే మంచినీళ్ళు, మరీ నాలుక పీకితే నిమ్మకాయ పిండిన నీళ్ళు, చక్కెర లేకుండా. మొదటిసారి తాగినప్పుడు ఆయన మొహం ఫొటో తీయలేకపోయానని ఇప్పటికీ బాధే. మంచం కింద మిగిలిన సీసాలు బకెట్లో ఒంపి, తుప్పు పట్టిన తలుపు కీళ్ళూ, మేకులూ నానబెట్టారు. తుప్పు కాస్త వదిలింది. "చూశావా, నా పేగులు కూడా ఎంత తళతళలాడుతున్నాయో!" అన్నారు. ఇద్దరం పొద్దున్నే నడుస్తున్నాం, మాత్రలు వేళకు వేస్తున్నాను. డాక్టరమ్మ నాకూ పరీక్ష చేసింది. ఆ జబ్బు గీత మీద నిలబడ్డానట, అడుగు ముందుకు వేయొద్దంది. జబ్బు పోలేదు, పోదు కూడా, అదుపులో ఉంది. గాయం నెమ్మదిగా మానింది, ఇప్పుడు చిన్న మచ్చే. చూపు తేటపడింది. కిందటి వారం క్షౌరశాలకు గోడంత అద్దం కోసి, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించి వచ్చారు.

ఇదంతా ఎందుకు రాశానంటే, నీ ఉత్తరం అడుగున ఒక మాట ఉంది. "ఇక్కడి ట్యాంకు నీళ్ళు ఇనుము వాసన, పడవలో వచ్చే కూల్‌డ్రింకు డబ్బాలతోనే గడిపేస్తున్నా" అని. అది చదివి నాన్న లేచి నిలబడ్డారు. "ఇక దాచొద్దు, అంతా రాసెయ్" అన్నది అందుకే. నువ్వు మా ఇద్దరి రక్తం, గీత నీకూ దగ్గరే. ఆ నీళ్ళు కాచి, వడగట్టి, మూత తీసి చల్లారనివ్వు. అప్పటికీ వాసన ఉంటే ముక్కు మూసుకుని తాగు. ఎప్పుడైనా సరదాకు ఒకటి తాగితే తాగావు గానీ, దాన్ని నీళ్ళ లెక్కలో మాత్రం వెయ్యకు.

మొన్న నాన్న ఆలస్యంగా వచ్చారు. పని తెమలలేదట. నేను చొక్కాకు గుండీ కుడుతూ ఉన్నాను. లేవలేదు. "కాళ్ళు కడుక్కుని రండి, భోజనం చల్లారిపోతోంది" అన్నాను సూది మీదనుంచి తల ఎత్తకుండానే. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు, మొహం కాస్త ముందుకు పెట్టి.

"ఏంటి?" అన్నాను.

"ఏం లేదు. నువ్వు రాలేదేంటా అని."

"ఎందుకు రావాలి? దారి తెలీదా మీకు?"

ఆయన చెప్పులు విడిచారు. వెళ్ళి కుళాయి తిప్పారు. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. వచ్చి కూర్చున్నాక చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సబ్బు పడింది" అన్నారు. కాళ్ళు కడుక్కుంటే కళ్ళలో సబ్బు ఎలా పడిందో నేనడగలేదు. కంచంలో ఇంకొంచెం వడ్డించాను.

ఇట్లు,
నీ పెద్ద ఉత్తరాల
అమ్మ